ఫిరంగికి పేరుంది, పేల్చినవాడికి లేదు: తెలుగు వీరస్మృతిలో గన్నర్ మురళీనాయక్

సంక్షిప్తి: యుద్ధంలో మరణించిన యువకుణ్ని తెలుగు సమాజం ఏ రూపాల్లో గుర్తుంచుకుంది? వీరగల్లు, వీరగాథ, స్మారకస్తంభం అనే మూడు రూపాల్లోనూ ఫిరంగి దళానికి చెందిన సామాన్య సైనికునికి చోటు దక్కలేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 2025 మే 9న నియంత్రణ రేఖ వద్ద మరణించిన అగ్నివీర్ మురళీనాయక్ జీవితమరణాలను ఈ చారిత్రక నేపథ్యంలో పరిశీలిస్తుంది.

కీలక పదాలు: వీరగల్లు, పల్నాటి వీరారాధన, ఫిరంగి, తెలంగా, బంజారా, అగ్నివీర్, నెత్తరు కొడగె.

1. ఉపోద్ఘాతం

కొండవీటి కొండలకు ఒకవైపు ఎడ్లపాడు ఉంది, మరొకవైపు ఫిరంగిపురం ఉంది. నడుమనున్న దుర్గం రెడ్డిరాజుల రాజధాని. శ్రీనాథుడు ఆ ఆస్థానంలో విద్యాధికారిగా ఉన్నాడు. పల్నాటి వీరుల కథకు కావ్యరూపమిచ్చిన కవిగా సాహిత్య చరిత్ర అతణ్నే పేర్కొంటుంది. కత్తి పట్టిన వీరుని కథ రాసిన కవి ఈ కొండమీద ఉంటే, ఆ తరువాతి యుగపు ఆయుధం పేరు కొండ దిగువన ఊరి పేరులో ఉంది. ఎడ్లపాడులో నిలిచి ఈ రెండింటినీ ఒకేసారి తలచుకున్నప్పుడు కలిగిన ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం. కత్తి పట్టినవాడికి కావ్యం దక్కింది. ఫిరంగి పేల్చినవాడికి ఏమి దక్కింది?

'ఫిరంగి' మన మాట కాదు. ఐరోపావారికి అరబ్బులు, పారశీకులు పెట్టిన 'ఫరంగ్' అన్న పేరు మన నేలకు వచ్చి ఒకప్పుడు మనిషికి, మరొకప్పుడు ఆయుధానికి వాచకమైంది. పరంగిచెక్క, పరంగిరోగం వంటి మాటలలో ఆ మనిషి మిగిలాడు. ఫిరంగి అన్నప్పుడు ఆయుధం మిగిలింది. తుపాకి, తోపు తురుష్క భాషనుంచి వచ్చాయి. గుండు మనది. అందులో దట్టించే పొడికి మాత్రం తెలుగువాడు 'మందు' అని పేరు పెట్టాడు. ఇన్ని మాటలు భాషలో కలిసిపోయినా, ఫిరంగి పేల్చే మనిషికి నిలకడగల తెలుగు పేరు ఏర్పడలేదు. 'గోలందాజు' అన్న పారశీక పదం కొలువు పత్రాలను దాటి పాటలోకి రాలేదు. నేటికీ మనం 'గన్నర్' అనే అంటున్నాం. భాషలోని ఈ లోటు స్మృతిలోని లోటుకు సూచిక.

2. ముఖం కనబడే యుద్ధం

తెలుగు నేలపై వీరమరణానికి అతి పాత లిఖిత సాక్ష్యం వీరగల్లు. సాధారణంగా దానిలో మూడు అంతస్తులుంటాయి. అడుగున పోరాటం, నడుమ అప్సరసలు వీరుణ్ని కొనిపోవడం, పైన శివసన్నిధి. శాసనం ఉన్నచోట మరణించినవాని పేరు, ఊరు, తండ్రి పేరు, మరణకారణం నమోదవుతాయి. ఆ కారణం చాలా సందర్భాలలో పశువుల మంద కోసం జరిగిన పోరు. రాజు కోసం మరణించినవాడూ, ఊరి ఆవుల కోసం మరణించినవాడూ ఒకే రకమైన రాతికి అర్హులు కావడం ఈ సంప్రదాయంలోని విశేషం. శిల్పి తరచుగా చూపేది ఒకటుంది. వీరుడు, శత్రువు ఎదురెదురుగా ఉంటారు. చంపేవాడికి చచ్చేవాడి ముఖం కనబడుతుంది.

12వ శతాబ్దపు పల్నాటి యుద్ధస్మృతి కూడా ఈ సూత్రం మీదనే నిలిచింది. కారెంపూడిలో కార్తిక అమావాస్య మొదలు ఐదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అనే పేర్లతో వీరారాధన జరుగుతుంది. వీరుల ఆయుధాలుగా భావించే కొణతాలను ఆచారవంతులు తెచ్చి నాగులేటిలో స్నానం చేయిస్తారు. వీరవిద్యావంతులు కథను గానం చేస్తారు. ఆయుధం ఇక్కడ వీరునికి ప్రతినిధి. కొణతం ఎవరిదో చెప్పగలిగితేనే దానికి పూజ. బాలచంద్రుడు యౌవనంలోనే మరణించాడు. అయినా అతని తల్లి ఐతాంబ, భార్య మాంచాల, సోదరతుల్యులైన సహచరులు, బొంగరాల ఆట మొదలుకొని అతని జీవితమంతా కథలోకి వచ్చింది. అక్కిరాజు ఉమాకాంతం 1911లో పల్నాటి వీరచరిత్రను ప్రకటించేనాటికి ఆ జీవితం శతాబ్దాలుగా గాయకుల నోట నిలిచే ఉంది. మరణాన్ని చెప్పడానికి ముందు జీవితాన్ని చెప్పడం ఈ గాథల ధర్మమని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

3. ఫిరంగి ప్రవేశం

గోలకొండ బురుజులపై ఔరంగజేబు కాలపు ఫిరంగులు నేటికీ ఉన్నాయి. 1687 ముట్టడిని గుర్తుచేసే వాటిలో ఒకదాని పేరు ఫతే రహబర్, మరొకదాని పేరు అజ్దహా పైకర్. విజయమార్గదర్శి అని ఒకదానికి, కొండచిలువ రూపమని మరొకదానికి స్థూలంగా అర్థం చెప్పుకోవచ్చు. వాటిని లాగిన ఎద్దులు, మందు దట్టించిన చేతులు, నిప్పంటించిన మనిషి ఎవరికీ గుర్తులేరు. కారెంపూడి కొణతం ఒక మనిషి పేరును మోస్తుంది. గోలకొండ ఫిరంగి తన పేరును తానే మోస్తుంది. ఆయుధానికీ మనిషికీ మధ్య సంబంధం ఇక్కడ తిరగబడింది.

బొబ్బిలి కథ ఈ మార్పును ఇంకా స్పష్టంగా చూపుతుంది. 1757 జనవరి 24న బుస్సీ సేనలు బొబ్బిలి కోటను ముట్టడించాయి. జానపద గాయకులు పాడిన బొబ్బిలి కథలోనూ, దిట్టకవి నారాయణకవి రంగరాయచరిత్రములోనూ రంగారావుకు, తాండ్ర పాపారాయునికి, కోటలోని స్త్రీలకు వ్యక్తిత్వం ఉంది. విజయరామరాజుకు ప్రతినాయక గౌరవం ఉంది. బుస్సీకి పేరుంది. కోటను భేదించిన ఫిరంగుల వద్ద నిలిచినవారు మాత్రం ఒక మోతగా, ఒక పొగగా వినబడి కనబడతారు. పాపారాయుడు పగ తీర్చుకోవడానికి శత్రువు గుడారంలోకి చొరబడి బాకు పట్టాలి. కథకుని దృష్టిలో వీరం మళ్లీ ముఖాముఖికి వచ్చినప్పుడే పూర్తవుతుంది.

ఫిరంగికి సంబంధించి తెలుగు నేలపై ఒక వ్యక్తికి ఘనమైన స్మారకం లేకపోలేదు. హైదరాబాదులో ఫిరంగుల పోతశాలతో పేరు ముడిపడిన ఫ్రెంచి సేనాని రేమండ్ 1798లో మరణించాడు. అతని సమాధి మూసారాంబాగ్ సమీపంలో ఉంది. ఆ ప్రాంతపు పేరులోనూ అతని పేరు ఉందని ప్రతీతి. కాని అతడు సేనాధిపతి. ఫిరంగి వెనుక నిలిచిన సామాన్యుడు ఆ స్మారకంలో కూడా లేడు.

4. జాతి పేరు మిగిలి, వ్యక్తి పేరు పోయిన వైనం

బొబ్బిలి పతనమైన ఏడాదే, 1757 జూన్ 23న, ప్లాసీ యుద్ధం జరిగింది. క్లైవు మద్రాసునుంచి తీసుకుపోయిన సిపాయిలను బెంగాలు ప్రజలు 'తెలింగా'లన్నారు. క్రమంగా ఆ మాట ఏ ప్రాంతపువాడైనా సరే, కంపెనీ దుస్తులు వేసుకున్న ప్రతి సిపాయికీ వాచకమైంది. నూరేళ్ల తరువాత, 1857లో ఢిల్లీలో తిరుగుబాటు చేసిన సిపాయిలను ఉర్దూ రచయితలు 'తిలంగే' అనే పిలిచారు. వారిలో అత్యధికులు అవధ్, బిహారు ప్రాంతాలవారు.

ఒక జాతినామం ఇట్లా వృత్తినామంగా మారడం భాషాశాస్త్రజ్ఞులకు ఆసక్తికరమైన అర్థవ్యాకోచం. చరిత్రకారునికి అది ఒక నష్టానికి గుర్తు. గంగాతీరాన తెలుగువాడి పేరు సైనికుడికి పర్యాయపదమైంది. ఆ పేరు తెచ్చిన తెలుగువాళ్లు ఎవరో గోదావరీ కృష్ణా తీరాల పాటలకు తెలియదు. పాట పాడాలంటే మరణవార్త ఊరికి చేరాలి, చూసినవాడు తిరిగి రావాలి, శవమో ఆయుధమో దొరకాలి. దూరపు యుద్ధం ఈ మూడింటినీ లేకుండా చేసింది.

5. లెక్కలో మిగిలినవారు

మొదటి ప్రపంచయుద్ధం ఈ నష్టాన్ని ఇంకా పెంచింది. భారతసైన్యం నుంచి సుమారు 74,000 మంది ఆ యుద్ధంలో మరణించారు. పశ్చిమగోదావరి ప్రాంతంలోని మిలటరీ మాధవరం నుంచి 90 మంది ఆ యుద్ధానికి, 1,110 మంది రెండవ ప్రపంచయుద్ధానికి వెళ్లారని ప్రసిద్ధి. ఊరి పేరులో 'మిలటరీ' చేరడం కన్నా గొప్ప సామూహిక స్మారకం ఉండదు. కాని ఆ 90 మందిలో ఒక్కొక్కరి బాల్యం, చదువు, వలపు, భయం ఏ కథకూ వస్తువు కాలేదు.

ఇందుకు భిన్నమైన స్థితిని ఆస్ట్రేలియాలో చూడవచ్చు. అదే యుద్ధంలో మరణించిన ఆస్ట్రేలియా యువ ఫిరంగి సైనికుని కుటుంబానికి ప్రభుత్వం ఒక పత్రం పంపింది. అతడు పుట్టిన ఊరు, చదివిన బడి, చేసిన పని, ఏ పట్టణంతో ఎక్కువ అనుబంధం ఉందో రాసి పంపమని అడిగింది. కాన్‌బెర్రాలోని యుద్ధస్మారకంపై ఇప్పుడు 1,03,000కు పైగా పేర్లు హోదాలు లేకుండా చెక్కి ఉన్నాయి. బ్రిటిషు సామ్రాజ్య సమాధుల సంఘం నిలిపిన శిలలపై కుటుంబం కోరుకున్న మాట 66 అక్షరాలకు మించకుండా చెక్కించుకొనే వీలుండేది. అందువల్లనే ఇరవయ్యేళ్లకు మరణించిన గన్నరు జీవితాన్ని నూరేళ్ల తరువాత కూడా ఆస్ట్రేలియా చరిత్రకారులు తిరిగి అల్లగలుగుతున్నారు.

అదే సంఘం బాస్రా స్మారకంపై బ్రిటిషు సైనికుల పేర్లు విడివిడిగా చెక్కించింది. భారతీయుల విషయంలో అధికారుల పేర్లు మాత్రమే రాసి, సామాన్య సైనికులను దళాలవారీ సంఖ్యలతో సరిపుచ్చింది. ఆసియా, ఆఫ్రికా సైనికుల స్మరణలో ఇటువంటి అసమానత జరిగిందని 2021లో ఆ సంఘం తన నివేదికలోనే అంగీకరించింది. కొందరికి బడి పేరుతో సహా నమోదు, కొందరికి అంకె. మెసపొటేమియాకు వెళ్లిన తెలుగువాడు ఈ రెండవ వరుసలోనివాడు.

6. కల్లితండా నుంచి నియంత్రణ రేఖ వరకు

మురళీనాయక్ శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండాకు చెందినవాడు. తల్లిదండ్రులకు ఏకైక సంతానం. వారు కూలిపని కోసం ముంబైకి వలసపోయారు. అతడు సోమందేపల్లిలో చదువుకున్నాడు. 2022 చివరలో అగ్నివీర్‌గా సైన్యంలో చేరి, నాసిక్‌లో శిక్షణ పొంది, ఫిరంగి దళంలో పనిచేశాడు. భారతసైన్యంలో పదాతి దళపు సామాన్య సైనికుణ్ని సిపాయి అని, అశ్విక సంప్రదాయపు దళాలలో సవార్ అని, ఇంజనీర్లలో శాపర్ అని, ఫిరంగి దళంలో గన్నర్ అని అంటారు. అట్లా చూస్తే ఈ వ్యాసం వెతుకుతున్న పేరులేని మనిషి హోదా అతనిదే.

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని చంపారు. మే 7న భారతసైన్యం ఆపరేషన్ సిందూర్ ప్రారంభించింది. నియంత్రణ రేఖ పొడవునా ఇరువైపులనుంచి ఫిరంగులు మోగాయి. మే 9 తెల్లవారుజామున పాకిస్తాన్ కాల్పులలో మురళీనాయక్ మరణించాడు. మే 10 సాయంత్రం కాల్పుల విరమణ అమలులోకి వచ్చింది. మే 11న కల్లితండాలో సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. మరణానికీ విరమణకూ మధ్య ఉన్న వ్యవధి రెండు రోజులైనా నిండలేదు.

ఈ మరణాన్ని చరిత్రలో ఉంచి చూసినప్పుడు అతని సామాజిక నేపథ్యం ప్రత్యేకంగా గమనింపదగింది. బంజారాలు శతాబ్దాలపాటు దక్కను సేనలకు ధాన్యం మోసినవారు. మొగలు సేనల వెంట, నిజాము సేనల వెంట, మైసూరు యుద్ధాలలో కారన్‌వాలీసు సేనల వెంట వారి ఎడ్లమందలు నడిచాయి. ఆ ఎడ్లు రాకపోతే ఫిరంగి దళం ముట్టడి కొనసాగించలేదు. యుద్ధాన్ని పోషించినా యుద్ధచరిత్రలో వారు సామగ్రి పద్దులోనే కనబడతారు. రైళ్లు వచ్చి ఆ వృత్తి పోయిన తరువాత తండాలు నిలకడైన ఊళ్లుగా మారాయి. ఎడ్లు పోయినా వలస పోలేదు. కల్లితండానుంచి ముంబై కూలిపనికి సాగిన దారి ఆ పాతదారికి కొనసాగింపే. ఫిరంగికి వెనుక బహుదూరాన బియ్యపు బస్తాలతో నడిచిన జాతిలోని యువకుడు ఫిరంగి దళపు సైనికుడిగా మరణించి, పేరుతో సహా రాష్ట్రమంతటా స్మరింపబడటం చిన్న మార్పు కాదు.

అతని పేరులోని 'నాయక్' పదానికీ ఒక చరిత్ర ఉంది. విజయనగర కాలపు అమరనాయకుడు, పల్నాటి నాయకురాలు, తండాపెద్ద అయిన నాయక్, కంపెనీ సైన్యం చిన్నహోదాగా స్వీకరించి నేటికీ వాడుతున్న నాయక్ అన్నీ ఒకే మూలంనుంచి వచ్చినవి. మురళి పేరులోనిది సైనిక హోదా కాదు, తండా ఇచ్చింది. సైన్యం ఇచ్చిన పేరు అగ్నివీర్. సంస్కృత సమాసంగా అది గంభీరంగా ఉంటుంది. ఆచరణలో అది నాలుగేళ్ల కొలువుకు పేరు. గడువు ముగిశాక నూటికి 25 మందిని మాత్రమే శాశ్వతసేవలోకి తీసుకొనే పద్ధతి 2022 జూన్‌లో ప్రకటితమైంది. వీరుడన్న మాటకు గడువు ఉండటం తెలుగు వీరసాహిత్యానికి కొత్త అనుభవం.

7. నెత్తరు కొడగె, ఐదెకరాలు

గోరంట్ల, పెనుకొండ, హిందూపురం ప్రాంతం కన్నడ సీమకు ఆనుకొని ఉంది. మధ్యయుగాలలో అక్కడ రెండు భాషలలోనూ శాసనాలు వేశారు. పోరులో మరణించినవాని కుటుంబానికి ఇచ్చే భూమిని కన్నడ శాసనాలు 'నెత్తరు కొడగె' అన్నాయి. నెత్తురుకు బదులుగా ఇచ్చిన మాన్యమని దాని భావం. ఈ దానానికి వీరగల్లే దస్తావేజు. రాయి కుటుంబానికి గౌరవచిహ్నం మాత్రమే కాక, భూమి హక్కుకు సాక్ష్యం కూడా.

మురళీనాయక్ కుటుంబానికి రాష్ట్రప్రభుత్వం 50 లక్షల రూపాయలు, 5 ఎకరాల భూమి, 300 గజాల ఇంటిస్థలం, కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. ధనం, ఉద్యోగం ఆధునిక రాజ్యపు పద్ధతులు. భూమి మాత్రం ఆ నేలకు అలవాటైన పాతమాట. దానికి 'పరిహారం' అని పేరు పెట్టినా, వెనుకనున్న భావం నెత్తరు కొడగెదే. అయితే ఒక తేడా ఉంది. పాతదానంలో భూమితోపాటు కథనం వచ్చేది. ఎవడు, ఎవరి కొడుకు, ఎక్కడ, దేనికోసం, ఎట్లా మరణించాడో రాయి చెప్పేది. నేటి ఉత్తర్వు మొత్తాన్ని చెబుతుంది, జీవితాన్ని చెప్పదు. ఆ పని పత్రికలకు, సభలకు మిగిలింది. అక్కడ 'వీరమరణం', 'అమరుడు', 'అశువులు బాయడం' వంటి సిద్ధపదాలు ముందే ఉన్నాయి. ఇవి గౌరవవాచకాలే. కాని ఎవరి పేరు ముందు ఉంచినా సరిపోయే మాటలు ఎవరినీ ప్రత్యేకంగా చూపలేవు. బాలచంద్రుని కథలో బొంగరం ఎందుకుందో ఇక్కడ అర్థమవుతుంది. అది లేకపోతే అతడు అరవై ఆరుగురు వీరులలో ఒక అంకెగా మిగిలేవాడు.

ఫిరంగి దళపు మరణాన్ని చెప్పడంలో మరొక చిక్కు ఉంది. గన్నరు తాను గురిపెట్టినవాణ్ని చూడడు. ఎక్కడో ముందున్న పరిశీలకుడు లక్ష్యాన్ని తెలుపుతాడు, మరొకరు దూరం, దిశ లెక్కకట్టి చెబుతారు, ఇంకొందరు గుండు అందిస్తారు. పని సామూహికం, శత్రువు అదృశ్యం. తనపై పడే గుండూ అట్లాగే ముఖంలేకుండా వస్తుంది. ఖడ్గయుద్ధానికి అలవాటైన వీరరసం ఇక్కడ ఆలంబనను కోల్పోతుంది. వీరగల్లుపై ఎదురెదురు నిలిచే రెండు బొమ్మలు ఇక్కడ లేవు. కాబట్టి ఇటువంటి మరణంలో కావ్యవస్తువు చంపడంలో దొరకదు. జీవించడంలో వెతకాలి. రాత్రి కాపలా, చలి, తోటివాళ్లతో పంచుకున్న మాటలు, ఇంటికి చేసిన ఫోను, వలస వెళ్లిన అమ్మానాన్నలకు దూరంగా సాగిన చదువు, ఇవే ఆ గాథకు విభావాలు.

8. ముగింపు

పై పరిశీలన మూడు విషయాలను స్పష్టం చేస్తుంది. తెలుగు వీరస్మృతి ముఖాముఖి యుద్ధం చుట్టూ అల్లుకుంది. అందువల్ల ఫిరంగి మన గాథలలో శత్రువుల మోతగా, కోటలపై పేరుగల లోహంగా మిగిలింది. రెండవది, పరదేశాలలో పోరాడిన తెలుగు సైనికుడు జాతిపేరుగా, ఊరిపేరుగా, సంఖ్యగా మిగిలాడే తప్ప వ్యక్తిగా మిగలలేదు. మూడవది, మురళీనాయక్ మరణంతో ఫిరంగి దళపు సామాన్య సైనికుడు పేరుతో, ఊరితో, ముఖంతో తెలుగు సామూహికస్మృతిలోకి విస్తృతంగా ప్రవేశించాడు.

ఈ ప్రవేశం నిలవాలంటే సాహిత్య విద్యార్థులు చేయవలసిన పని ఒకటుంది. తండాలో అతణ్ని ఎరిగినవారు నేడు ఉన్నారు. వారి మాతృభాష గోరుబోలికి సొంతలిపి లేదు. అందులో పుట్టే శోకగీతాన్ని తెలుగు లిపిలో రాసుకునే చేయి లేకపోతే అది పాడినవారితోనే పోతుంది. ఆస్ట్రేలియా ప్రభుత్వం నూరేళ్ల క్రితం ఒక పత్రంలో అడిగిన చిన్నప్రశ్నలను మనం నేరుగా తండాలకు, పల్లెలకు వెళ్లి అడగవచ్చు. ఎక్కడ చదివాడు? ఏ పని ఇష్టం? ఏ పేరుతో పిలిచేవారు? కుటుంబపు దుఃఖానికి భంగం కలగకుండా, వారి అనుమతితో ఈ సేకరణ జరగాలి.

కారెంపూడిలో ప్రతి కార్తికంలోనూ కొణతాలను నీళ్లకు తీసుకుపోయేవారు ఏ కొణతం ఎవరిదో ఎరిగే తీసుకుపోతారు. ఫిరంగి ఎవరిదో చెప్పడం సాధ్యం కాదు, అది దళానిది. దాని వెనుక నిలిచినవాడు ఎవరో చెప్పడం సాధ్యమే. కల్లితండాలో అందుకు ఇంకా సమయం ఉంది, మిలటరీ మాధవరపు 90 మందికి అది మించిపోయింది.